ఆటకు మెత్త, పొరుగుకు నిద్ర

మా ఇంట్లో అన్నింటికన్నా ఎక్కువ చాకిరీ చేసే వస్తువు భోజనాల బల్ల. పేరుకు భోజనాల బల్లే గాని, శుక్రవారం మధ్యాహ్నమూ, చుట్టాలు వచ్చినప్పుడూ మేము నేలమీద దస్తర్‌ఖాన్ పరుచుకొనే కూర్చుంటాము. ఆ బల్లమీద పిల్లల చదువులు, బట్టల ఇస్త్రీ, ఆకుకూర బాగుచేయడం, నెలాఖరు లెక్కలు ఒకదాని తరువాత ఒకటి సాగుతూ ఉంటాయి. వేసవి సెలవులు వచ్చాయంటే రాత్రివేళ అదే ఆటల బల్ల అవుతుంది.

ఈ నెల ఈ శీర్షికలో ఆ బల్లకు మేము కుట్టుకొన్న మెత్తని తొడుగును గురించి చెప్పదలచుకొన్నాము. ఆట మొదలయ్యే ముందు తొడిగి, ఆట ముగియగానే తీసి చుట్టిపెట్టే తొడుగు అది. కుట్టు మిషను తొక్కడం కొద్దిగా వచ్చిన ఏ సోదరి అయినా ఒక పూటలో కుట్టగలదు. అయితే ఆ ఆలోచన మాకు తీరికవేళ సరదాగా వచ్చింది కాదు. మా వల్ల పొరుగింటికి కలిగిన కష్టం నుంచి వచ్చింది. కనుక ముందుగా ఆ సంగతి చెప్పి, తరువాత కుట్టు విషయానికి వస్తాము.

రాత్రి పదిన్నరకు మోగిన గంట

మేముండేది అపార్టుమెంటులో మూడవ అంతస్తు. పోయిన వేసవిలో అబ్బాజాన్ ఊరి నుంచి వచ్చి మాతోనే ఉండిపోయారు. ఆయనకు 76 ఏళ్లు. వచ్చిన వారం రోజులకే పిల్లలకు తన చిన్ననాటి ఆటలు నేర్పారు. చాక్‌పీసుతో బల్లమీదనే గీతలు గీసి పులి-మేక ఆడించారు. ఊరి నుంచి తెచ్చిన పాత కొయ్య పలకమీద వామనగుంటలు ఆడించారు. ఇషా నమాజు అయి, భోజనాలు ముగిసిన తరువాత తాతా మనవలు ఆ బల్ల చుట్టూ చేరేవారు. ఒక్కొక్క రోజు క్యారమ్ బోర్డు కూడా బల్లమీదికి ఎక్కేది. ఫోను కావాలని అడిగేవాడే లేడు. మా ఇంటికి ఎంతో మేలు జరిగిందని మేము సంతోషించాము.

ఒక రాత్రి పదిన్నర ప్రాంతంలో గంట మోగింది. క్రింది అంతస్తులోని అమ్మగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. కళ్ల క్రింద నిద్రలేమి కనిపిస్తున్నది.

"ఏమనుకోకండి వదినగారూ. మాస్టారికి ఆపరేషను అయి పది రోజులయింది. పగలంతా నొప్పితో నిద్ర పట్టదు. రాత్రి కాస్త కన్ను మూతపడేసరికి పైన ఏదో రాలుతున్నట్లు ఒకటే చప్పుడు. పిల్లలను ఆడుకోవద్దని చెప్పడం కాదు గానీ..." అని ఆమె మాట పూర్తిచేయలేక ఆగిపోయారు.

మాకు తల ఎత్తుకోవడం కష్టమయింది. పొరుగువారి హక్కును గురించి పిల్లలకు ఎన్నిసార్లు పాఠం చెప్పామో! ఆ పొరుగువారు మన నెత్తిన ఉండరు, పక్కనే ఉండరు, మన పాదాల క్రింద కూడా ఉంటారన్న సంగతి మాకే తట్టలేదు. ఆయనకు ఆపరేషను అయిన విషయం కూడా అంతవరకూ మాకు తెలియదు. మరునాడు పళ్లు తీసుకొని వెళ్లి మాస్టారిని పలకరించి, క్షమించమని అడిగి వచ్చాము. ఇంట్లో ఆటలు ఆపివేశాము.

మూడు రోజులు గడిచాయి. ఇల్లు నిశ్శబ్దంగా మారింది. పెద్దవాడు ఒక గదిలో ఫోను పట్టుకొన్నాడు. చిన్నది మరో గదిలో టీవీ ముందు చేరింది. అబ్బాజాన్ ఇషా తరువాత ఒకసారి ఖాళీ బల్ల వైపు చూసి, "ఇక పడుకొంటాను" అని లేచిపోయేవారు. క్రింది ఇంటికి నిద్ర వచ్చింది, సంతోషమే. మా ఇంట్లో మాత్రం మాట పోయింది. ఈ రెండింటిలో ఒకటి పోతేగాని ఇంకొకటి దక్కదా అన్న ప్రశ్న మమ్మల్ని వదలలేదు.

మూడు ప్రయత్నాలు

జవాబు ఇస్త్రీ దగ్గర దొరికింది. బల్లమీద దుప్పటి మడత వేసి ఇస్త్రీ చేస్తూ పెట్టెను దించినప్పుడు చప్పుడు రాలేదు. అంత బరువైన ఇస్త్రీపెట్టె చప్పుడు చేయనప్పుడు చింతపిక్క ఎందుకు చేస్తుంది? ఆ రాత్రే ప్రయత్నం మొదలుపెట్టాము.

మొదట మర్‌హూమా అమ్మీజాన్ చేత్తో కుట్టిన బొంతను రెండు మడతలు వేసి బల్లమీద పరిచాము. చప్పుడు పూర్తిగా పోయింది. ఆట కూడా పోయింది. బొంత కుట్ల మధ్య పడిన గాళ్లలో పిక్కలు దాగిపోయాయి, గీతలు గీయడానికి చోటు లేదు. అబ్బాజాన్ దానిని చేత్తో నిమిరి, "ఇది కప్పుకొనేది బేటా. దీనిమీద పులులనూ మేకలనూ తోలకండి" అన్నారు. వెంటనే తీసి మడిచిపెట్టాము.

రెండవసారి సోఫా కుట్టే అతని వద్ద అంగుళం మందం ఫోము ముక్క తెచ్చి పరిచాము. అది మరీ మెత్తన. ఎవరైనా మోచేయి ఆనిస్తే అక్కడ గుంట పడి, చుట్టూ ఉన్న పిక్కలన్నీ ఆ మోచేతి దగ్గరికే జారిపోయేవి. క్యారమ్ బోర్డు పెడితే ఉయ్యాలలా ఊగింది.

మూడవసారి ఇంట్లో మూలనపడి ఉన్న వ్యాయామపు చాపను పరిచాము. దాని మందం 6 మిల్లీమీటర్లు మాత్రమే. నొక్కితే కొద్దిగా దిగుతుంది, వదిలితే వెంటనే లేస్తుంది. పిక్క వేస్తే వేసిన చోటనే నిలిచింది. బోర్డు కదలలేదు. పలుచగా, గట్టిగా ఉండే మెత్తే ఆటకు సరిపోతుందని అప్పుడు తెలిసింది. 4 మిల్లీమీటర్ల నుంచి 6 మిల్లీమీటర్ల వరకు ఉన్న ఏ చాప అయినా చాలు. అంతకు మించితే అది పరుపు అవుతుంది.

మేము ఊహించని మేలు మరొకటి జరిగింది. అబ్బాజాన్ చేతివేళ్లు కొంతకాలంగా వణుకుతున్నాయి. నున్నటి బల్లమీద పడిన పిక్కను ఆయన పట్టుకోలేక, వేలితో అంచుదాకా జరిపి, రెండవ అరచేతిలోకి రాల్చుకొనేవారు. పిల్లలు అది చూసి తామే తీసి ఇచ్చేవారు. అది ఆయనకు ఇష్టముండేది కాదని మాకు తెలుసు. మెత్తమీద అయితే వేలికొస కొద్దిగా దిగి పిక్క అడుగుకు చేరుతుంది, పిక్క జారదు. ఆ రాత్రి ఆయన ఎవరి సాయమూ లేకుండా తన పిక్కలు తానే తీసుకొన్నారు. ఆ విషయం ఆయన అనలేదు, మేమూ అనలేదు.

చప్పుడు ఎలా దిగుతుంది?

పిక్క బల్లకు తగిలినప్పుడు బల్ల అదురుతుంది. ఆ అదురు బల్ల కాళ్ల గుండా నేలకు, నేల నుంచి క్రింది ఇంటి పైకప్పుకు చేరుతుంది. కప్పు అదిరితే ఆ గదిలో చప్పుడు పుడుతుంది. గాలిలో వచ్చే మాటల చప్పుడును తలుపులూ గోడలూ కొంతవరకు ఆపుతాయి గాని, కాంక్రీటు గుండా దిగే ఈ అదురును ఆపవు. మాకు చిన్నదిగా వినిపించే టకటక క్రింది వారికి నెత్తిన కొట్టినట్లు ఉండడానికి కారణం ఇదే.

మెత్త చేసే పని బంతిని పట్టేటప్పుడు మనం చేతులు వెనక్కి లాగడం వంటిది. దెబ్బ ఒక్క క్షణంలో కాకుండా కొంచెం ఎక్కువసేపు పంచుకొని తగులుతుంది, అందువల్ల దాని పదును తగ్గుతుంది. కనుక చప్పుడు పుట్టేచోటనే, అంటే బల్లపైన, ఒక మెత్త ఉండాలి. బల్ల కాలు నేలను తాకేచోట రెండవది ఉండాలి. మేము రెండూ ఏర్పాటు చేశాము.

కావలసినవి

మా బల్ల 60 అంగుళాల పొడవు, 36 అంగుళాల వెడల్పు. మీ బల్లను బట్టి క్రింది కొలతలు మార్చుకోండి. కొలిచేటప్పుడు బల్ల అంచు క్రింద చేయి పెట్టి చూడండి. పైపలక కాళ్లకన్నా కనీసం రెండు అంగుళాలు బయటికి వచ్చి ఉంటేనే తొడుగు అడుగు నుంచి పట్టుకొంటుంది.

పై గుడ్డకు మేము ప్యాంటు గుడ్డను ఎంచుకొన్నాము. దాని పన్నా 58 అంగుళాలు గనుక అతుకు అవసరం లేదు. 1.8 మీటర్లు, అంటే సుమారు 71 అంగుళాలు తీసుకొన్నాము. మొదట మఖ్‌మల్ కొనాలనుకొన్నాము గాని, దాని నూగులో ధూళీ దారప్పోగులూ చిక్కుకొంటాయి. శాటిన్ జారిపోతుంది. పూల గుడ్డ వేస్తే పిక్కలు పూలలో కలిసిపోయి కళ్లకు శ్రమ. ముదురు రంగు, సాదా గుడ్డ, దగ్గర నేత, నూగు లేని పైభాగం, ఈ నాలుగు చూసుకొంటే చాలు. మాది ముదురు ఆకుపచ్చ.

ఇవి గాక 6 మిల్లీమీటర్ల వ్యాయామపు చాపలు రెండు, వెడల్పాటి గుడ్డ టేపు, పైజామా నాడా ఆరు మీటర్లు, పిన్నీసు, టైలరు సుద్ద, పేపరు కత్తి, ఇనుప స్కేలు కావాలి. చాప మామూలుగా 24 అంగుళాల వెడల్పు ఉంటుంది గనుక మా బల్లకు రెండు పట్టాయి. పెద్ద ఖర్చు గుడ్డకే. చాప పాతది ఉంటే ఖర్చు ఇంకా తగ్గుతుంది.

కత్తిరించడం, కుట్టడం

ముందు మెత్త సంగతి. అది బల్ల అంచుకన్నా చుట్టూ పావు అంగుళం లోపలికే ఉండాలి. అంచును దాటితే మూలల్లో మడతపడి ఉబ్బెత్తుగా నిలుస్తుంది. రెండు చాపలనూ 59½ అంగుళాల పొడవుకు కత్తిరించాము. ఒకటి పూర్తి 24 అంగుళాల వెడల్పుతో ఉంచి, రెండవదాని నుంచి 11½ అంగుళాల పట్టీ తీశాము. ఒకే గాటుతో తెగగొట్టాలని చూస్తే అంచు వంకరపోతుంది. స్కేలు ఆనించి కత్తిని రెండు మూడుసార్లు తేలికగా లాగాలి. ఈ పని పిల్లలకు అప్పగించకూడదు. రెండు ముక్కలనూ ఒకదానిపై ఒకటి ఎక్కకుండా అంచుకు అంచు చేర్చి, అడుగువైపున టేపు అంటించాము. అతుకు పైకి తెలియదు.

గుడ్డను ముందుగా నీళ్లలో తడిపి, ఆరవేసి, ఇస్త్రీ చేయాలి. కుట్టిన తరువాత గుంజుకుపోతే తొడుగు బల్లకు పట్టదు. ఇక కత్తిరించే కొలత: బల్ల పొడవుకూ వెడల్పుకూ ఎనిమిదేసి అంగుళాలు కలపాలి. మాకు 68 అంగుళాల పొడవు, 44 అంగుళాల వెడల్పు వచ్చింది. చుట్టూ వచ్చిన నాలుగు అంగుళాలలో ఒకటి బల్ల మందానికి, రెండు అడుగు పట్టుకు, ఒకటి నాడా మడతకు సరిపోతాయి.

గుడ్డను తిరగవేసి పరిచి, అంచు నుంచి నాలుగు అంగుళాలు లోపలికి చుట్టూ సుద్దగీత గీయండి. ఆ గీత లోపల ఉన్నదే మీ బల్ల. తరువాత నాలుగు మూలల్లో మూడున్నర అంగుళాల చదరపు ముక్కలు కత్తిరించి తీయండి. వాటిని పారవేయవద్దు. ఒక్కొక్క ముక్కను ఐమూలగా మడిచి, సుద్దగీత మూలల్లో ఒక్కొక్కటి పెట్టి, రెండువైపులా కుట్టండి. మడత ఉన్న వైపు కుట్టకుండా వదలాలి. ఫొటో ఆల్బములో ఫొటో మూలలు దూర్చినట్లు, మెత్త మూలలను ఈ నాలుగు జేబులలోకి దూర్చాలి. మెత్తను గుడ్డకు కలిపి కుట్టనవసరం లేదు. ఉతకవలసి వచ్చినప్పుడు మెత్తను తీసివేసి గుడ్డను మాత్రమే ఉతుక్కోవచ్చు. బొంతకు వేసినట్లు నడిమధ్య కుట్లు వేయవద్దు. మా మొదటి పొరపాటు మీరు చేయనవసరం లేదు.

జేబులయ్యాక మూలలు కుట్టాలి. కత్తిరించిన మూలలోని రెండు అంచులనూ మేలువైపులు కలిపి, అర అంగుళం లోపలికి రెండు వరుసల కుట్టు వేస్తే గుడ్డ పెట్టె మూతలా నిలబడుతుంది. ఇక చుట్టూ అంచును మొదట పావు అంగుళం, ఆపైన ముప్పావు అంగుళం మడిచి కుట్టాలి. వెడల్పు వైపు మధ్యలో రెండు అంగుళాలు కుట్టకుండా వదిలి, అక్కడి నుంచి పిన్నీసు కట్టిన నాడాను ఎక్కించాలి. చుట్టుకొలత 192 అంగుళాలు, ముడికి మరి కొంత. ఆరు మీటర్ల నాడా సరిపోతుంది. ఎలాస్టిక్కు కొంతకాలానికి సాగిపోతుంది. నాడాను బిగించుకోవచ్చు, వదులు చేసుకోవచ్చు, చివికితే మార్చుకోవచ్చు.

రెండవ చాపలో మిగిలిన ముక్కను చిన్న చదరాలుగా కత్తిరించి, రెండేసి పొరలు బల్ల కాళ్ల క్రింద అంటించాము. గుడ్డలో మిగిలిన పొడుగాటి పీలికతో చిన్నది పిక్కల సంచీ కుట్టించుకొన్నది.

క్రింది ఇంట్లో కూర్చొని విన్నాము

తొడుగు సిద్ధమయింది. అయితే చప్పుడు తగ్గిందో లేదో తేల్చవలసింది మేము కాదు. ఒక సాయంత్రం అమ్మగారి అనుమతి అడిగి, మాలో ఒకరు వారి హాలులో కూర్చొన్నాము, ఒకరు పైన పిల్లలతో ఉన్నాము. మాస్టారు మంచంమీద నుంచే పర్యవేక్షణ చేశారు.

ముందు తొడుగు లేకుండా పిల్లలు పిక్కలు రాల్చారు. క్రింద కూర్చొని వింటే గాని ఆ చప్పుడు ఏమిటో మాకు తెలియలేదు. మేకు దిగవేస్తున్నట్లే ఉంది. పది రాత్రులు ఆ ఇంటి వారు దీనిని భరించారు. తరువాత తొడుగు వేసి పిక్కలు రాల్చమని ఫోనులో చెప్పాము. కొంతసేపు ఎదురుచూసి, "ఇంకా మొదలుపెట్టలేదా?" అని అడిగాము. "ఎప్పుడో అయిపోయింది" అన్నాడు పెద్దవాడు. క్యారమ్ స్ట్రైకరు దెబ్బ మాత్రం లీలగా వినిపించింది.

మేము సంబరపడుతూ ఉండగానే పైన ఎవరో కుర్చీ లాగారు. గదంతా గీరుకొన్నట్లయింది. మాస్టారు చేయి ఎత్తి, "రాలే చప్పుడు ఒకటి, ఈ గీరే చప్పుడు ఒకటి. నన్ను లేపేది ఈ రెండవదే" అన్నారు. అంత శ్రమపడి బల్లకు తొడుగు కుట్టిన మేము కుర్చీలను గురించి ఆలోచించనే లేదు. ఆ రాత్రే పాత ఊలు సాక్సులను రెండు పొరలుగా కుర్చీ కాళ్లకు తొడిగి, దారంతో బిగించి కట్టాము. చూడడానికి కుర్చీలు మేజోళ్లు వేసుకొన్నట్లున్నాయని పిల్లలు నవ్వారు. అవి అరిగినప్పుడల్లా మార్చవలసి ఉంటుంది. కనుక అపార్టుమెంట్లలో ఉండే సోదర సోదరీమణులకు మేము చెప్పేది ఒకటే: మీ ఇంటి చప్పుడు ఎంతో తెలుసుకోవాలంటే ఒకసారి క్రింది ఇంటికి వెళ్లి కూర్చొని వినండి.

కేరింతలను ఏ మెత్తా ఆపలేదు. దానికి వేరే ఏర్పాటు చేసుకొన్నాము. పది గంటలకు ఆట ఎక్కడ ఉంటే అక్కడ ఆగుతుంది. మర్నాటికి మిగిలిన ఆటలో పిక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో చిన్నది కాగితంమీద గుర్తు వేసుకొంటుంది.

సుద్దగీతల మీద పులులు

ప్యాంటు గుడ్డ వల్ల మరొక సౌకర్యం కలిగింది. టైలరు సుద్దతో దానిమీద ఏ ఆట గీతలైనా గీసుకోవచ్చు, బ్రష్షుతో దులిపితే పోతాయి. పులి-మేక ఆట గీయడం తెలియనివారి కోసం చెప్తున్నాము. పైన ఒక శిఖరం. దాని నుంచి గొడుగు ఊచల్లా క్రిందికి నాలుగు గీతలు. వాటిని కోస్తూ మూడు అడ్డగీతలు. ఈ అడ్డగీతలు రెండువైపులా కొద్దిగా బయటికి వస్తాయి, వాటి కొసలను నిలువుగీతలతో కలపాలి. అన్నింటికన్నా అడుగున, నాలుగు గీతల కాళ్లను కలుపుతూ మరో గీత. శిఖరం 1, మూడు అడ్డగీతలమీద ఆరేసి చొప్పున 18, అడుగుగీతమీద 4, మొత్తం 23 స్థానాలు. పులులు 3, మేకలు 15. మేకలను ఒక్కొక్కటిగా దించుతారు. పులి తన ప్రక్కనున్న మేకమీదుగా అవతలి ఖాళీలోకి దూకితే ఆ మేక పోతుంది. పులులు కదలడానికి చోటు లేకుండా మేకలు కట్టివేస్తే మేకలదే గెలుపు. ఒంటరిగా తిరిగే మేక పులి నోట పడుతుంది, వెనుక తోడున్న మేక జోలికి పులి పోలేదు. ఇది పిల్లలకు మేము చెప్పనక్కరలేకుండానే తెలిసింది.

ఈ ఆటకు మన పల్లెల్లో ఉన్న అసలు పేరు పులిజూదం. చిన్నది ఎక్కడో ఆ పేరు విని, "దాదా, జూదం హరామ్ కదా! మరి మనం ఆడుతున్నాం?" అని అడిగింది. అబ్బాజాన్ నవ్వలేదు, కసరలేదు. "మంచి ప్రశ్న వేశావు బేటా. ఒకరి జేబు ఖాళీ అయితేగాని ఇంకొకరి జేబు నిండని దానినే జూదం అంటారు. ఈ ఆటలో నీకు పోయేదేమిటి, నాకు వచ్చేదేమిటి? పేరు పాతది, పందెం లేదు. అయితే ఒక చాక్లెట్టు పందెం పెట్టినా ఆ రోజు నుంచి నేను ఈ బల్ల దగ్గర కూర్చోను" అన్నారు. పాచికల ఆటలు మా ఇంట్లో మొదటి నుంచీ లేవు. అజాన్ వినబడితే ఆట ఆగుతుంది. మరో నియమం పెద్దవాడు పెట్టాడు. తొడుగు పరిచినంతసేపూ ఇంట్లోని ఫోన్లన్నీ బుట్టలో ఉండాలి. ఆ బుట్టలో మొదట పడవలసింది మా ఫోన్లేనని వాడు మొహమాటం లేకుండా చెప్పాడు. కాదనడానికి మా వద్ద మాట లేకపోయింది.

తొడుగును కాపాడుకోవడం

భోజనానికి ముందు తొడుగు తీయవలసిందే. వేడి గిన్నె పెడితే క్రింది చాప కరిగి గుంటపడుతుంది. మాకు ఒకసారి టీ గ్లాసు ఒలికింది. వెంటనే పొడిబట్టతో అద్ది, తడిబట్టతో తుడిచి, మెత్తను వేరుచేసి నీడలో ఆరవేశాము. మరక నిలువలేదు. అప్పటి నుంచి టీ గ్లాసులకు ప్రక్కన ఒక ముక్కాలిపీట ఏర్పాటు చేశాము.

తొడుగును మడవకూడదు. మడిస్తే చాపమీద గీత పడి, ఆ గీతమీద పిక్క నిలవదు. పరదా గుడ్డల తానులు చుట్టే అట్టగొట్టాన్ని బట్టల దుకాణంలో అడిగి తెచ్చుకొన్నాము. గుడ్డ బయటికి వచ్చేలా దానిమీద చుట్టాలి. అలా చుడితే మళ్లీ పరిచినప్పుడు అంచులు పైకి లేవకుండా బల్లకు అతుక్కొంటాయి. చుట్టిన తొడుగును బీరువా ప్రక్కన నిలబెడితే చోటు కూడా పట్టదు.

ఇప్పటికి ఏడాది కావస్తున్నది. తొడుగు ఒక మూలన కొద్దిగా వెలిసింది, నాడా ఒకసారి మార్చాము. మాస్టారు పూర్తిగా కోలుకొన్నారు. ఒక సాయంత్రం కర్ర ఊతంతో లిఫ్టులో పైకి వచ్చి, "ఆ చప్పుడు చేయని ఆట ఏమిటో చూపించండి సాయిబుగారూ" అన్నారు. చూడగానే సుద్ద అందుకొని, గీతల్లో చిన్నది చేసిన ఒక తప్పును దిద్దారు. చిన్నప్పుడు వాళ్ల ఊరి అరుగుమీద ఆయన ఆడని రోజు లేదట. అప్పటి నుంచి శనివారం రాత్రి ఆయనవి మేకలు, అబ్బాజాన్‌వి పులులు. ఇద్దరూ మాట్లాడుకోరు. పిల్లలు చెరో ప్రక్కన గడ్డం క్రింద చేతులు పెట్టుకొని చూస్తుంటారు.

పోయిన శనివారం రాత్రి పదిన్నరకు మళ్లీ గంట మోగింది. ఉలిక్కిపడి తలుపు తీశాము. క్రింది అమ్మగారే.

"వదినగారూ, పది దాటింది. ఇక మాస్టారిని పంపిస్తారా?"